తోడు వచ్చినవారి సంతకం

కరుణ డాక్టరేటు పూర్తయి ఆరేళ్లు దాటింది. యూనివర్సిటీ కాలేజీలో పరిశోధన ఫెలోషిప్‌కు ఐదేళ్లలోపు వాళ్లే అర్హులు. అయితే ఇంట్లో రోగికి సేవ చేసిన కాలాన్ని లెక్కలోంచి తీసేస్తారట, ఆసుపత్రి ఉత్తరం ఇస్తే. అప్లికేషన్‌కు రేపే ఆఖరు. అందుకే ఆమె తండ్రి, రిటైరైన టీచరు ఏలీయా, ఆళ్లగడ్డ నుంచి పొద్దున్నే నంద్యాల వచ్చారు. చనిపోయిన భార్యకు రెండేళ్లు డయాలసిస్ జరిగిన ఆసుపత్రిలో నర్సు జబీనా ముందు కూర్చున్నారు.

“పాత రిజిస్టర్లు ఉండాయా అమ్మా?”

“యాడికి పోతాయి సార్,” అంటూ ఆమె బీరువా తెరిచింది.

వారానికి మూడు రోజులు. తోడు వచ్చినవారు సంతకం చేసే చోట పేజీ తర్వాత పేజీ కరుణ పేరే. మొదటి రోజు మాత్రం ఏలీయాది.

“ఆ పొద్దు రగతం చూసి మీరే పడిపోతిరి సార్. ఆయమ్మ పక్కనే మిమ్మల్నీ పండబెడ్తిమి.”

ఇద్దరూ నవ్వారు. ఆ మొదటి రోజు తర్వాత ఆయన మళ్లీ డయాలసిస్ గదిలోకి రాలేదు.

జబీనా ఉత్తరం రాసి, డాక్టరు చేత సంతకం, ముద్ర వేయించి తెచ్చింది.

“ఇంకొక్క మాట రాయమ్మా. వాళ్ల నాయన చేయాల్సింది గూడా ఆ పిల్లే చేసిందని.”

“అది కాగితంలో రాసేది కాదు సార్. ఆమెకు మీరే చెప్పుకోండి.”

ఇంటికి తిరిగి వెళ్లే బస్సు శిరివెళ్ల దాటేసరికి ఏలీయా ఆ మాటను లోలోపల మూడుసార్లు చెప్పి చూసుకున్నారు. ఉత్తరం చేతికి ఇవ్వకముందే చెప్పేయాలి. ఇచ్చాక కరుణ అప్లికేషన్ పనిలో పడిపోతుంది.