ఒడెస్సమ్మకిచ్చిన మాంసం

లోయెల్ ప్రూయిట్ కొట్టంలో కూర్చుని, వేటలో పడ్డ చారల తోక రకూన్ల తోళ్ళను పలకల మీద సాగదీసి మేకులు కొడుతున్నాడు. బావమరిది హార్లన్ గడపకు ఆనుకుని కాఫీ తాగుతూ, మాటల్లో మాటగా అన్నాడు.

"ఆ పెద్ద రకూన్ సంగతి నీకు చెబుదామనుకుని మర్చిపోయా బావా. పట్టపగలు మొక్కజొన్న గాదె దగ్గర గిరగిరా తిరుగుతోంది. నేను దగ్గరికెళ్ళినా పారిపోలా. మూతి నిండా సొంగ. అక్కడికక్కడే కాల్చేశా."

లోయెల్ చేతిలో సుత్తి ఆగిపోయింది.

"దాన్ని వేటలో పడ్డవాటితో ఎందుకు కలిపావు?"

"తోలు బాగుంది కదా అని."

తోలు బాగానే ఉంది, ఎదురుగా పలక మీదే ఉంది. లోయెల్ ఆలోచిస్తున్నది దాని గురించి కాదు, తోలు తీశాక మిగిలిన ఒంటి గురించి. ఆ నది ఒడ్డున వేటగాళ్ళు చాలామంది వాటిని వాగులో విసిరేస్తారు. మిగతాది కాకులూ రాబందులూ చూసుకుంటాయి. కొందరు నక్కల ఉచ్చులకు ఎరగా పెడతారు. లోయెల్‌కు మాత్రం తినగలిగినదాన్ని పారేయడానికి చేతులు రావు. పేగులు తీసి, చల్లని నీళ్ళతో కడిగి, తలనూ, పంజాతో సహా ముందరి కాలొకటినీ అలాగే ఉంచి, రోడ్డవతల ఉండే ముసలావిడ ఒడెస్సమ్మకు ఇచ్చి వస్తాడు. ఆ పంజా ఎందుకంటే, తోలు వలిచాక రకూనైనా పిల్లి అయినా ఒకేలా కనబడుతుంది, కొనేవాళ్ళకూ తినేవాళ్ళకూ అనుమానం ఉండకూడదు. ఒడెస్సమ్మ చంకల కింద ఉండే కంపు గడ్డలను ఒడుపుగా తీసేసి, ఎండుమిరపకాయలతో ఉడికించి, చిలగడదుంపలు చుట్టూ పేర్చి ఓవెన్‌లో పెట్టిందంటే, చర్చి విందులో ముందు ఖాళీ అయ్యేది ఆమె తెచ్చిన పళ్ళెమే.

నిన్న సాయంత్రమే ఇచ్చి వచ్చాడు. విందు రేపే, ఆదివారం.

"దానికి పిచ్చికుక్క జబ్బు, రేబిస్ ఉందేమోరా," అన్నాడు లోయెల్. సుత్తి కింద పెట్టాడు.

"అయితే ఏమైంది? ఉడికిస్తే ఏ జబ్బూ బతకదు. అనవసరంగా వెళ్ళి ముసలావిడను బెదరగొట్టకు. ఊళ్ళో మన మాంసం ఇంకెవడూ ముట్టడు."

లోయెల్ తన బొటనవేలు చూసుకున్నాడు. తోలు తీస్తుండగా కత్తి జారి తెగింది. అప్పుడు దాన్ని లెక్కచేయలేదు, చొక్కాకు తుడుచుకుని పని కానిచ్చాడు. ఇప్పుడు ఆ గాటు దానంతటదే సలపరించినట్టనిపించింది.

ట్రక్కు తీశాడు గానీ ఒడెస్సమ్మ ఇంటి ముందు ఆపకుండా ముందుకు పోయాడు. నీళ్ళు నిలిచిన వరి మళ్ళ పక్కన ఆపి కూర్చున్నాడు. హార్లన్ చెప్పిందే నిజమేమో. ఉడికాక ఏముంటుంది? అలా అనుకున్న ప్రతిసారీ ఆమె చేతులే కళ్ళముందుకొచ్చాయి. ఉడకకముందు కోసేది ఆ చేతులే కదా. సీసాలో నీళ్ళుంటే ఒక గుక్క తాగి, సరిగ్గా మింగుడుపడిందా లేదా అని చూసుకున్నాడు. ఈ జబ్బు పట్టినవాళ్ళు నీళ్ళు మింగలేరని చిన్నప్పుడు విన్నాడు. మళ్ళీ ఒక గుక్క తాగాడు. అలా సీసా ఖాళీ అయింది. అప్పుడు ట్రక్కు వెనక్కి తిప్పాడు.

ఒడెస్సమ్మ వంటింటి కిటికీలోంచి ఆవిరి వస్తోంది. తలుపు తీసింది ఆమె మనవరాలు రెనెల్, నిండు గర్భిణి.

"రా నాయనా, కూర్చో," అంది ఒడెస్సమ్మ పొయ్యి దగ్గర్నుంచే. "ఈసారి భలే కొవ్వు పట్టినవి ఇచ్చావు."

లోయెల్ కూర్చోలేదు. టోపీ చేత్తో నలుపుతూ ఉన్నదంతా చెప్పాడు. ఆమె పొయ్యి కట్టేసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున్నమ్మా."

"పన్నెండు దాటింది కదయ్యా. మా ఇల్లు నీకంత దూరమైందా?"

ఆమె ఇంక అతని వంక చూడలేదు. మనవరాలి వైపు తిరిగింది. రెనెల్ తన రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది.

"నాకు మణికట్టు నొప్పని తలలన్నీ ఇదే నరికింది," అంది ఒడెస్సమ్మ. "ఏదీ, ఇటు చూపించు తల్లీ."

చూపుడువేలు పక్కన ఎముక గీరుకున్న గాటు, సన్నగా, ఎర్రగా.

"బిడ్డకేమైనా అవుతుందా అమ్మమ్మా?" అంది రెనెల్.

ఒడెస్సమ్మ గోడ మీది ఫోన్ అందుకుని క్లినిక్‌కు చేసింది. ఫోన్‌లో డాక్టరమ్మ ముందు ఇద్దరి గాట్లనూ సబ్బుతో బాగా రుద్ది కడగమంది. వండినదాంతో భయం లేదట, పచ్చిది ముట్టుకోవడమే సమస్యట. ఈ చుట్టుపక్కల ఆ జబ్బు స్కంకులనే కంపు జంతువులకే ఎక్కువట, రకూన్లకు అరుదట, అయినా పరీక్ష చేయకుండా ఏదీ చెప్పలేనంది. పరీక్షకు మెదడు కావాలి.

"తలలెక్కడున్నాయి?" అన్నాడు లోయెల్.

"పెరట్లో పూడ్చాను, కుక్కలు లాక్కుపోకుండా," అంది రెనెల్.

లోయెల్ రబ్బరు తొడుగులు వేసుకుని తవ్వాడు. మన్ను తడిసి ముద్దగా ఉంది, పార అంటుకుపోతోంది. రెనెల్ మెట్ల మీద నిలబడి ఇక్కడ కాదు, అక్కడ అని చూపిస్తోంది. తోలు లేని తలల్లో ఏది ఏ జంతువుదో తెలియలేదు. అన్నీ తీసి, మంచు నింపిన డబ్బాలో సర్దాడు. ఒడెస్సమ్మ కుండ తీసుకొచ్చి, ఉడికిన మాంసమంతా ఆ గోతిలోనే కుమ్మరించింది.

రాష్ట్ర రాజధానిలోని ప్రయోగశాలకు ముగ్గురూ ట్రక్కులోనే వెళ్ళారు. రెనెల్ మధ్యలో కూర్చుంది. దారి పొడుగునా ఎవరూ రేడియో పెట్టమనలేదు. ఒకచోట రెనెల్ దాహమంటే లోయెల్ సోడా కొనిచ్చాడు. ఆమె మింగే దాకా అతను ఆమె గొంతు వంకే చూశాడు. ఒడెస్సమ్మ కూడా అలాగే చూస్తోంది. ఒక్క క్షణం ఇద్దరి కళ్ళూ కలిశాయి.

ఫలితం సోమవారం గానీ రాదన్నారు. ఆ రెండు రోజులూ లోయెల్ కొట్టంలోకి అడుగుపెట్టలేదు. ఆదివారం చర్చి నుంచి వస్తున్న జనాన్ని రోడ్డు మీద చూసి, వాళ్ళకు తెలిసే ఉంటుందనుకుని ఇంట్లోకి వచ్చేశాడు. తెలియలేదు. పొయ్యి పాడైందని చెప్పి ఒడెస్సమ్మ విందుకు కోడి వేపుడు కొనుక్కెళ్ళిందట.

సోమవారం ఫోన్ వస్తే అతను ఇంట్లో వేసుకునే చెప్పులతోనే రోడ్డవతలికి పరుగెత్తాడు. ఒడెస్సమ్మ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది.

"రేబిస్ కాదమ్మా. వాటిలో ఒకదానికి డిస్టెంపర్ ఉందట, కుక్కలకు వచ్చేది. మనుషులకు అంటదట. రెనెల్‌కేం కాదు."

ఆమె చేతిలోని తడి దుప్పటి నేల మీద పడింది. తీయడానికి వంగి, అక్కడే కూర్చుండిపోయింది. లోయెల్ పక్కనే మట్టిలో కూర్చున్నాడు. లోపల్నుంచి రెనెల్ ఎవరితోనో ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడటం వినిపిస్తోంది.

"ఈ రెండు రోజులూ నిన్ను తిట్టని తిట్టు లేదు నాయనా," అంది ఆమె.

"తిట్టాల్సిందేనమ్మా."

"చివరికి వచ్చావు, అది వేరే సంగతి." ముక్కు చీదుకుంది. "ఆ హార్లన్‌ని ఒకసారి ఇటు రమ్మను."

"మాంసం ఇచ్చి పంపమంటారా?"

"వట్టి చేతులతో పంపు. ముందు వాడితో మాట్లాడాలి."

లోయెల్ దుప్పటి చివర పట్టుకున్నాడు. ఆమె రెండో చివర అందుకుంది. మన్నంటిన దాన్ని మళ్ళీ ఉతకడానికి ఇద్దరూ పంపు దగ్గరికి మోసుకెళ్ళారు.