రేవల్చిన్ని పొట్లం

పాంగ్ డహౌకి ఆరు రోజులుగా విరేచనం కాలేదు. ఆయన భార్య లియూహ్వాకి అందులో వింతేమీ కనిపించలేదు. ధాన్యం గోదాము అధికారిగా ముప్పై ఏళ్లు చేతికందినదేదీ వదలని మనిషి, కడుపులోది మాత్రం ఎందుకు వదులుతాడు?

చూ వైద్యుడు నాడి చూసి, నాలుక చూసి మందు కట్టి ఇచ్చాడు. విరేచనం చేయించే రేవల్చిన్ని వేరు మాత్రం విడిగా చిన్న పొట్లం. మిగతావి అరగంట మరిగాక, దించే ముందు అది వేసి ఐదు నిమిషాలు ఉంచితే చాలన్నాడు. ఎక్కువ మరిగితే గుణం పోయి కడుపు ఇంకా బిగుస్తుందని రెండుసార్లు చెప్పాడు.

ఇంటికి రాగానే పాంగ్ అన్నీ ఒకే కుండలో వేసి మూడు గంటలు మరిగించమన్నాడు. కోడి సూపు నాలుగు గంటలు మరిగితేనే కదా బలం, ఐదు నిమిషాల్లో మందులో సారం ఏం దిగుతుందని ఆయన వాదన. లియూహ్వా వైద్యుడి మాట గుర్తు చేసింది. ఆడవాళ్లకి మందుల సంగతి ఏం తెలుసన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో వాదించడం ఆమె ఎప్పుడో మానేసింది. రోజూ మూడేసి గంటలు మరిగించి ఇచ్చింది. పిప్పిని ఆనవాయితీ ప్రకారం వీధి మలుపులో పోసింది. నలుగురూ తొక్కితే రోగం పోతుందట. ఈయన రోగం ఊరంతా తొక్కినా పోదని ఆమెకు తెలుసు.

మూడు రోజులకి పాంగ్ కడుపు రాయిలా బిగిసింది. నాలుగో రోజు పొద్దున, టీ దుకాణం నిండుగా ఉన్న వేళ చూసి, దాని ఎదురుగా ఉన్న వైద్యుడి కొట్టు ముందు నిలబడ్డాడు. నకిలీ మందులన్నాడు, తాతల నాటి బోర్డు పీకిస్తానన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఆయన వరస. అయినా జనం నమ్మేలాగే ఉన్నారు. ఇద్దరు అప్పుడే కట్టించుకున్న పొట్లాలు తిరిగి బల్ల మీద పెట్టేశారు. భర్త వెంట వచ్చిన లియూహ్వా అది చూసింది. ఆ కొట్టు తప్ప వైద్యుడికి మరో బతుకు లేదు.

వైద్యుడు వీధి మలుపుకు వెళ్లి, లియూహ్వా నిన్న పోసిన పిప్పిలోంచి రేవల్చిన్ని వేరుముక్క ఒకటి తీసుకొచ్చి అందరి ముందూ నలిపాడు. అది అంబలిలా జారిపోయింది.

"ఇంతసేపు ఎవరు కాచారు?"

"ఇదిగో, ఇదే," అని పాంగ్ భార్యను చూపించాడు. "దీనికి నీళ్లు కాచడం కూడా రాదు."

నలభై ఏళ్ల కాపురంలో ఆమె నలుగురిలో ఏనాడూ ఆయనకు ఎదురు చెప్పలేదు. ఇక చాలనిపించింది.

"నేనే కాచాను. డాక్టరు గారు ఐదు నిమిషాలన్నారు, మీరు మూడు గంటలన్నారు. మీ మాటే విన్నాను," అంది. తర్వాత వైద్యుడి వైపు తిరిగింది. "ఈసారి పొట్లం ఆయన చేతికే ఇవ్వండి. ఆయనే కాచుకుంటారు."

టీ దుకాణంలో ఎవరో పకపకా నవ్వారు. ఆ ఇద్దరూ తమ పొట్లాలు మళ్లీ తీసుకున్నారు. లియూహ్వా వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. పొయ్యి ఎలా వెలిగించాలో ఎవరిని అడగాలో తెలియక, వైద్యుడు చేతిలో పెట్టిన పొట్లం పట్టుకుని పాంగ్ అక్కడే నిలబడ్డాడు.