కోంటా డిపోలో మంచుపెట్టె

కోంటా కలప డిపో మేనేజరు రాఘవులునాయుడు బస్తర్ వదిలిపోతున్న ఒక తెల్లదొర దగ్గర కిరసనాయిలుతో నడిచే మంచుపెట్టె కొన్నాడు. కింద దీపం వెలుగుతుంటే పై అరలో నీళ్ళు గడ్డకట్టడం చూసి వంటమనిషి సోమక్క రెండు రోజులు దాని దగ్గరికే వెళ్ళలేదు.

నాయుడు ఆమెను కూర్చోబెట్టి, పెట్టెతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులో చెప్పాడు. మాంసం చిన్న ముక్కలు చేసి, మూతపెట్టి పై అరలో ఉంచాలి. వండే ముందు రోజే కింది అరలోకి దించి, చల్లదనంలోనే మెల్లగా కరగనివ్వాలి. ఎండలో పెట్టకూడదు. వెచ్చబడినదాన్ని మళ్ళీ గడ్డ కట్టించకూడదు. సోమక్క ఒక్క మాట తప్పినా మొదటినుంచి అప్పజెప్పించుకునేవాడు.

ఆ వానాకాలం జగదల్‌పూర్ నుంచి అడవుల శాఖ పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. నాయుడు మేకపోతును కోయించి మంచి ముక్కలన్నీ పై అరలో పెట్టించాడు. వాటిని ముందు రోజే దించాలన్న సంగతి మాత్రం అధికారి రావలసిన పొద్దున గుర్తొచ్చింది.

"కింది అరల పెడత దొరా, రేపటికి కరుగుద్ది. ఇయ్యాల చేపలు వండుత" అంది సోమక్క.

"చేపలు ఆయన రోజూ తింటాడు. ఎండలో పెట్టు."

మధ్యాహ్నానికి ముక్కలు మెత్తబడ్డాయి. ఈగలు చేరాయి. అప్పుడు డిపో బంట్రోతు కాశయ్య మోకాళ్ళదాకా బురదతో వచ్చి, ఎగువన కురిసిన వానకు వాగు పొంగిందనీ అధికారి రేపు గానీ రాలేడనీ చెప్పాడు. నాయుడు గిన్నె మళ్ళీ పై అరలో పెట్టమన్నాడు.

"మీరే వద్దంటిరి గదా దొరా. ఇంతసేపు ఎండకున్నది తినేది కాదు. పారబోస్త."

"ఆ పుస్తకం రాసినవాడికి మన వాగులు తెలుసా ఏమిటి? పెట్టు."

మర్నాడు మళ్ళీ ఎండ, మళ్ళీ ఈగలు. సోమక్క అల్లం వెల్లుల్లి రెట్టింపు దంచి వేసినా అడుగున ఒక పులిసిన వాసన ఆమెకు తగులుతూనే ఉంది. వండిన చెయ్యి తనది. అధికారికి ఏమైనా అయితే పుస్తకాన్ని ఎవరూ అడగరు. ఆయనతో ఎలా చెప్పాలా అని గుబులుపడుతుండగానే ఆయన వచ్చి పీటమీద కూర్చుని, ఇవాళ ఏకాదశి, పాలూ పండూ చాలన్నాడు.

సోమక్కకు ప్రాణం లేచొచ్చింది. నాయుడి ముఖం మాడిపోయింది. అంత కూరా వృథా అయ్యేసరికి పౌరుషం వచ్చి, ఆమె చూస్తుండగా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. మిగిలినదాన్ని ఆమె కుక్కలకు కూడా అందకుండా పెరట్లో లోతుగా పాతిపెట్టింది.

తెల్లవారేసరికి నాయుడు వాంతులతో, విరేచనాలతో మంచానికి అతుక్కుపోయాడు. అధికారి చూడ్డానికి వచ్చి, ఏం తిన్నావని అడిగాడు.

"ఇక్కడి నీళ్ళు పడవండీ" అన్నాడు నాయుడు. ఈ నీళ్ళు తాగి ఆయనకు పదేళ్ళు.

అధికారి వంటింట్లో మంచుపెట్టెను చూసి, సోమక్కవైపు తిరిగి, ఆ పెట్టెలో మాంసం ఎలా ఉంచాలో తెలుసా అని హిందీలో అడిగాడు. నాయుడు కళ్ళు మూసుకున్నాడు. సోమక్క సంతలో నేర్చిన హిందీలో నియమాలన్నీ వరసగా చెప్పింది. మళ్ళీ గడ్డ కట్టించకూడదన్న మాట దగ్గర గొంతు కొంచెం పెరిగింది.

అధికారి ముచ్చటపడ్డాడు. అక్షరం రాని మనిషికి ఇంత క్రమం నేర్పిన మేనేజరును మెచ్చుకుంటూ తనిఖీ పుస్తకంలో రాశాడు. జగదల్‌పూర్‌లో బస్తర్ సంస్థానం అతిథిగృహంలో రెండు మంచుపెట్టెలున్నాయి, చూసుకునేవాళ్ళు లేరు, ఈమెను పంపమన్నాడు.

"దొర లేచి కూసున్నంక వస్త" అంది సోమక్క.

నాలుగు రోజులు జావ కాచి పోసింది. బండి ఎక్కే పొద్దున నాయుడు గోడకు ఆనుకుని కూర్చుని, "నా పరువు కాపాడావు, సోమక్కా" అన్నాడు.

"నేనేం కాపాడలే దొరా. ఆయన రూల్సు అడిగిండు, చెప్పిన. మీరేం చేసిండ్రో అడగలే. అడిగుంటే అదీ చెప్పేదాన్ని."

జగదల్‌పూర్ చేరిన రోజు సోమక్క ఆ రెండు పెట్టెలూ తెరిచి, లోపలున్నదాన్ని వాసన చూసి, అంతా గోతిలో వేయించింది. అక్కడి వంటవాళ్ళు గొణిగారు గానీ, పెద్ద అధికారి చీటీ తెచ్చిన మనిషని ఊరుకున్నారు. ఆ పని సాయంత్రం దాకా పట్టింది.