నేలకు రెండు దెబ్బలు

భానుమూర్తి మెట్లు దిగుతూ ఉన్నాడు, దిగుతున్న కొద్దీ ఆ మెట్లు అతన్ని పైకే తీసుకెళ్తున్నాయి, చివరికి విశాఖపట్నం బీచి రోడ్డులోని ప్రదర్శనశాల తలుపు ముందు వదిలిపెడతాయి. తలుపు తోస్తే లోపల పెద్ద హాలూ ఉంది, ఆ హాల్లోనే చిన్నప్పటి విజయనగరం ఇంటి వంటగదీ ఉంది, రెండూ ఏ పేచీ లేకుండా సర్దుకుని ఉన్నాయి. కింద చెక్కల నేల. ఆ నేల మీద కాళ్ళు బారజాపుకుని, మోకాలు చూసుకుంటూ కూర్చుని ఉంది అతని అక్క హైమవతి.

అక్క పోయిందన్న సంగతి అతనికి కలలో కూడా తెలుసు, దగ్గరుండి అన్నీ జరిపించింది తనే కదా. తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడిపోతాడు.

"అలా బిగుసుకుపోయేవేంట్రా? చెప్పులు అక్కడే విప్పేసి రా. నా నేల పాడైపోతుంది" అంటుంది హైమవతి.

నేల ఆమెదే మరి. పిల్లలు తప్పటడుగులు వేస్తూ పడిపోతే తల్లులు నేలను రెండు చరిచి, "నా తండ్రిని పడేస్తావా, ఇదిగో, ఇదిగో నీకు" అని ఊరుకోబెట్టడం అందరిళ్ళలోనూ ఉన్నదే. పెద్దయ్యాక పడినవాళ్ళకు ఆ మాట ఎవరంటారు, ఎవర్ని వాళ్ళు తిట్టుకోవడమే తప్ప, అని హైమవతికి ఒక ఆలోచన పుట్టింది. బొమ్మలు వేసుకునే మనిషి ఆ బొమ్మలు మూలపెట్టి ఈ చెక్కల నేల కట్టించింది. వచ్చినవాళ్ళు దాని మీద చతికిలబడి అరచేత్తో ఒక్కటి చరిస్తే చాలు, "దెబ్బ తగిలిందా అమ్మా? నీ తప్పేం లేదు. మెల్లిగా లే" అని నేల పలుకుతుంది. ఆ గొంతూ ఆమెదే. నీ మీద నువ్వే కాస్త జాలిపడు నాయనా అని చెప్పడానికి ఇంత హంగామా ఏమిటని భానుమూర్తి వేళాకోళం చేసేవాడు.

ప్రదర్శన ఇంకా మొదలు కాకముందే, హాల్లో ఒంటరిగా ఉండగా, ఆమె ఆ నేల మీదే కూలిపోయింది. వరండాలో దీపాలు బిగిస్తున్నవాళ్ళకు ఆ గొంతు వినిపిస్తూనే ఉందట. దెబ్బ తగిలిందా అమ్మా, దెబ్బ తగిలిందా అమ్మా అని. మేడమ్ గారు సరిచూసుకుంటున్నారు కాబోలని వాళ్ళు తమ పని తాము చేసుకున్నారు. అది తెలిసిన రోజు నుంచీ భానుమూర్తికి ఆ గొంతు తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతోంది. నేల మొత్తం పీకించెయ్యమని ప్రదర్శనవాళ్ళకు చెప్పేశాడు.

"పీకించేస్తున్నానక్కా" అంటాడు ఇప్పుడు, ఎదురుగా చతికిలబడి. ఇద్దరి మధ్యా సముద్రపు నీళ్ళు పల్చగా వచ్చి, ఎవర్నీ తడపకుండా వెనక్కి పోతాయి.

"పీకించుకో. ఎవరొద్దన్నారు? ఎంత కృతకంగా ఉందిరా ఆ గొంతు! టీవీలో వంటలు చెప్పే ఆవిడలా 'అమ్మా' అని ఆ సాగదీయడమేంటి? వింటుంటే నాకే సిగ్గేసింది."

"నువ్వు... విన్నావా?"

"వినకేం? పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. చెయ్యి ఒకటి ఆడుతోంది. ఎవరైనా వస్తారని నేలను కొట్టేను. కొట్టినప్పుడల్లా అది మాట్లాడింది."

మనిషి బరువు పడ్డందుకు ఒక్కసారి పలికితే పలకాలి గానీ అన్నిసార్లు ఎందుకు పలికిందో, ఇన్నాళ్ళూ భానుమూర్తికి తట్టనే లేదు, తట్టకుండా జాగ్రత్తపడ్డాడేమో కూడా. లేచి ఎక్కడికైనా పారిపోవాలనుకుంటాడు, లేవబోతే హాలు తలుపు కాస్తా వంటగది అలమారా అయిపోయి ఉంది, దాని నిండా ఆవకాయ జాడీలు.

"ఎన్నిసార్లు కొట్టేవక్కా?"

"లెక్కెట్టుకుంటానా? నేనే చేసిన నేల, నా గొంతే పెట్టేను, నా నోరు నేనే నొక్కుకున్నట్టయింది. తిట్టుకున్నాను కూడా. బుద్ధి లేదే నీకు, చూసుకోవద్దా అని."

"నువ్వా తిట్టుకున్నావు? ఊరందరికీ తిట్టుకోవద్దని చెప్పినదానివి!"

"ఊరికి చెప్పడం తేలికేరా." హైమవతి నవ్వుతుంది, నవ్వుతుండగానే జుట్టులోని తెలుపు పోయి రెండు జడలవుతుంది, చీర పరికిణీ అవుతుంది, మోకాలి మీద చెక్కుకుపోయిన చోట నెత్తురు చిమ్ముతోంది, ఇప్పుడామె వయసు తొమ్మిదో పదో. "నువ్వు పడితే అమ్మ నేలను కొట్టేది. జ్ఞాపకం ఉందా? ఇంట్లో ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి కొట్టేది. నేను పడితే ఏమనేది?"

భానుమూర్తికి జ్ఞాపకం ఉంది. అమ్మ గరిటెతో వాళ్ళ పక్క నుంచే వెళుతూ, ఆగకుండానే అంటుంది: "కళ్ళు నెత్తికెక్కేయా? పెద్దదానివి, చూసుకు నడవక్కర్లేదా?"

"అదీ" అంటుంది హైమవతి. "నేనేం నిన్ను ఓదార్చడానికి రాలేదు. నేను పడ్డాను. నాకు దెబ్బ తగిలింది. ముందది చూడు."

అతను నేలను చరుస్తాడు. నేల పలకదు. చెక్కలు లేవు, కింద ఉన్నది వంటగది గచ్చు, చల్లగా, మొండిగా. మళ్ళీ చరుస్తాడు. ఏదో ఒకటి తనే అనాలి, కానీ అరవై ఏళ్ళు దాటిన మగాడు గచ్చుతో ఏం మాట్లాడతాడు? పిల్ల మాత్రం మోకాలు పట్టుకుని అతని మొహంకేసే చూస్తోంది, చూస్తున్న కొద్దీ చిన్నదైపోతోంది. ఇంకాస్త ఆలస్యమైతే కనపడకుండా పోతుందని అతనికి భయం పట్టుకుంటుంది.

"మా అక్కని పడేస్తావా?" అంటాడు. గొంతు కీచుమంటుంది. "మా అక్కని పడేస్తావా? ఇదిగో! ఇదిగో నీకు! ఇదిగో!" ఏడుస్తూ కొడుతున్నాడు, చేతులు రెండూ కలిపి కొడుతున్నాడు, గచ్చు అదురుతోంది, జాడీలు అదురుతున్నాయి, "ఇంకా గట్టిగా" అంటోంది పిల్ల, ఆ చప్పుడు ఎక్కడో తలుపు చప్పుడులో కలిసిపోతోంది.

కళ్ళు తెరిచేసరికి భానుమూర్తి చాప మీద నుంచి దొర్లి గచ్చు మీద ఉన్నాడు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మొహాన కొడుతోంది. కుడి అరచెయ్యి ఎర్రగా కందిపోయి భగ్గుమంటోంది. ఎవరో నిజంగానే తలుపు బాదుతున్నారు.

లేచి వెళ్ళి తీశాడు. కింది వాటాలోకి కొత్తగా దిగినావిడ, అతనికింకా పేరైనా తెలియదు, చేతులకు తడిపిండితో, రొప్పుతూ నిలబడి ఉంది.

"పైన నేల మీద ఒకటే చప్పుడండీ, చేస్తున్న పని వదిలేసి వచ్చేసేను. ఎవరు పడిపోయేరండీ?"

"మా అక్కయ్యండీ" అన్నాడు భానుమూర్తి.

"అయ్యయ్యో, ఏ గదిలోనండీ?" అంటూ ఆవిడ అతన్ని పక్కకు తప్పించి, చెప్పులైనా విప్పకుండా లోపలికి పరిగెత్తింది.