ముల్లు లేని చేప

శుక్రవారం మధ్యాహ్నం మామాకి, అంటే ఆ ఇంటి ముసలి యజమానురాలికి, అన్నం తినిపించి, మందులు వేసి, దుప్పటి కప్పితే మళ్ళీ సాయంత్రం నమాజు దాకా నాగేశ్వరికి ఆ ఇంట్లో పనుండేది కాదు. వారం మొత్తానికి ఆ కాసేపే ఆమెది. గబగబా నాలుగు చెంబులు పోసుకుని, తల దువ్వుకుని, నల్ల అబాయా తొడుక్కుని, వెనక గేటు తీసుకుని రిగ్గై స్టేషన్‌కి బయల్దేరేది. ఎండ మొహం మీద పెనం పెట్టినట్టుండేది. అయినా ఏ శుక్రవారమూ మానలేదు.

కువైట్‌లో రైలుపట్టాలు లేవు. రైలు మాత్రం వారంవారం వచ్చేది. కబ్ద్ వైపు ఎడారిలోంచి దుమ్ము లేపుకుంటూ వచ్చి, రిగ్గైలో కాసేపు ఆగి, అమ్ఘరా తుక్కు యార్డుల మీదుగా వెళ్ళిపోయేది. జనం దాని గురించి సిటీబస్సు గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకునేవారు. ఇవాళ లేటనో, పోయినవారం మరీ తొందరగా కదిలిపోయిందనో.

ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ వాళ్ళకి ఎవరి కిటికీలో వాళ్ళవాళ్ళు కనిపించేవాళ్ళు. ఊళ్ళో వదిలేసి వచ్చిన మనిషి, వదిలేసి వచ్చిన రోజు ఎలా ఉన్నారో అలాగే. కడప వైపు నుంచి వచ్చిన డ్రైవర్ లాల్ బాషాకి కొత్త పెళ్ళికూతురు కనిపించేది, చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉండేది. ఊళ్ళో ఉన్న అసలు భార్యకి మోకాళ్ళ నొప్పులొచ్చి, ఫోన్లో ఆయన్ని చెడామడా తిట్టేది. ఆయన ఫోన్లో ఆవిడతో పోట్లాడి, స్టేషన్‌కొచ్చి ఈవిడకి మిఠాయిలు కొనేవాడు.

నాగేశ్వరి కిటికీలో దుర్గ ఉండేది. మూడేళ్ళది. పచ్చగౌను, ఒక జడ ఊడిపోయి, ఒక జడ ఉండి.

రైలు తలుపులు తెరిచే ఉండేవి. టిక్కెట్టు అడిగేవాళ్ళు లేరు. ఎక్కినవాళ్ళు ఎవరి ఊళ్ళో వాళ్ళు దిగిపోతారని అందరికీ తెలుసు. కానీ ఎక్కారంటే ఇక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా, ఉద్యోగం అన్నీ ఖలాస్. అందుకని ఎక్కేవాళ్ళు ఎప్పుడో గాని తగిలేవాళ్ళు కాదు. మిగతావాళ్ళు కిటికీలోంచి ఏదో ఒకటి నోట్లో పెట్టి, చెయ్యి ఊపి, తాము పనిచేసే ఇళ్ళకి మళ్ళేవారు.

ఆ పెట్టేదేదో ప్లాట్‌ఫారం మీదున్న జపాను మిఠాయికొట్టులో కొనాల్సిందే. అక్కడున్నది అదొక్కటే కొట్టు. అద్దాల బీరువాలో గులాబీరంగు మోచీలు వరసగా ఉండేవి, బియ్యప్పిండి ముద్దలో పూర్ణం పెట్టి చేసినవి. మనవైపు పూర్ణం కుడుముల్లాంటివే గాని ఇంకా మెత్తన. రెండు చిన్న అట్ల మధ్య తీపి పెట్టినవి ఉండేవి. ఎర్రగింజల తీపి కూరిన బన్నులు ఉండేవి. మూలన ఇనప అచ్చుల్లో పిండి పోసి చేపలు కాల్చేవారు. మొప్పలు, పొలుసులు, తోక అన్నీ ఉన్న తియ్యటి చేపలు. కొట్లో కూచునే రజియా బీ, మూడు పదులకి పైగా ఇక్కడే ఉన్న రాయచోటి మనిషి, నెత్తిన కాగితం టోపీ పెట్టుకుని వాటిని పట్టకారుతో తీసి సంచిలో వేసేది.

"రోంతసేపు నిలబడక్కా, ఇంగా కాల్లేదు. పచ్చిపచ్చిగా పెడితే బిడ్డకి కడుపునొస్తాది," అనేది.

మొదటిసారి ఆ చేపని చూసి కిటికీలో దుర్గ కళ్ళు పెద్దవి చేసింది.

"ముల్లుంటాదా అమ్మా?"

"ఉండదే. ముల్లు లేని చేప. తోక్కాణ్ణించి తిను."

ఆ పిల్ల ప్రతివారం అదే మాట అడిగేది. నాగేశ్వరి ప్రతివారం అదే జవాబు చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆమెకి కడుపు నిండిపోయేది.

నాగేశ్వరిది రాజోలు దగ్గర లంకగ్రామం. మొగుడు కొబ్బరి దింపులు తీసేవాడు. వానాకాలంలో పాచిపట్టిన చెట్టు మీంచి జారిపడి పోయాడు. పిల్లని అక్క ఒళ్ళో పెట్టి నాగేశ్వరి విమానం ఎక్కింది. రెండేళ్ళు చేసి వచ్చేస్తానంది. ఆ రెండేళ్ళూ నిండాక మామా సెలవిస్తానంటే, లాల్ బాషా ఒక సంగతి చెప్పాడు.

"పోయి రావచ్చు, ఎవురొద్దంటారు? కాకపోతే తిరిగొచ్చినాంక కిటికీలో ఈ బిడ్డ ఉండదుమ్మా. మళ్ళా వదిలిపెట్టి వచ్చిన నాటి బిడ్డ ఉంటాది. ఐదేండ్లది. నిన్ను జూసి ఏడ్చేది."

నాగేశ్వరి ఆ ఏడు ఆగుదామనుకుంది. పైయేడు కూడా ఆగింది. అలా ఆగడమే అలవాటైపోయింది. దుర్గ బడికెళ్ళింది, పెద్దమనిషైంది, చదువు మానేసింది. అన్నీ ఫోన్లోనే తెలిశాయి. పెళ్ళికి కూడా నాగేశ్వరి వెళ్ళలేదు. మామాకి తుంటి ఎముక ఆపరేషనని చెప్పింది. ఆపరేషన్ జరిగిన మాట నిజమే. కానీ, 'నా కూతుళ్ళు చూసుకుంటారు, నువ్వు వెళ్ళు' అని మామా మంచం మీంచే చెప్పింది. ఆ మాట నాగేశ్వరి ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళయ్యాక దుర్గ ఫోన్లో మాట్లాడ్డం తగ్గించేసింది. బాగున్నావా అంటే బాగున్నాననేది. తిన్నావా అంటే తిన్నాననేది. నాగేశ్వరికి అది పెద్ద బాధగా కూడా ఉండేది కాదు. శుక్రవారం ఎలాగూ వస్తుంది కదా.

ఆ దుర్గే ఒకరోజు తనంతట తాను ఫోన్ చేసింది.

"నాకు వీసా వచ్చింది. ఫర్వానియాలో ఒక టీచరమ్మ ఇంట్లో పని. వచ్చేవారం వస్తన్నాను."

నాగేశ్వరి చేతిలో గిన్నె సింకులో పడింది. "మరి ఫణిగాడో?"

"పెద్దమ్మ దగ్గరుంటాడు."

"వాడికింకా మూడేళ్ళే కదే! మీ ఆయనేమంటాడు?"

"ఆయన ఇంకో ఆవిడతో రాజమండ్రిలో ఉంటన్నాడు. ఏడాదైంది. నీకు చెప్పలేదు." ఆ వెంటనే, "ముప్పై నిండితేగాని పంపరన్నారు. నిండినియ్యి," అంది.

"వద్దమ్మా. నామాట ఇను. పిల్లాణ్ణి వదిలేసి..."

"నువ్వు రాలేదా?" అంది దుర్గ. కోపంగా కాదు. బియ్యం ఉన్నాయా అని అడిగినట్టు అడిగింది.

దుర్గ వచ్చింది. మొదటి శుక్రవారం టీచరమ్మ డ్రైవరు రిగ్గైలో దింపి వెళ్ళాడు. మామా ఇంటి వెనక గేటు దగ్గర తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. వీడియోలో చూసిన మొహమే. కానీ వీడియోలో ఎత్తు తెలీదు. కూతురు తనకన్నా పొడుగని నాగేశ్వరికి అప్పుడే తెలిసింది. భుజం మీద చెయ్యి వెయ్యాలంటే చెయ్యి పైకెత్తాల్సొచ్చింది.

"స్టేషన్‌కి తీసుకెళ్ళు," అంది దుర్గ. "మా ఇంట్లో శ్రీలంకావిడ చెప్పింది, ఫణిగాడు కనిపిస్తాడంట కదా."

"ఎండగా ఉందే. పైవారం ఎళ్దాం."

"ఈవారమే."

ఎదిగిన కూతురు పక్కన నిలబడితే కిటికీలో చిన్నది ఉంటుందో ఉండదోనన్న భయం దారంతా నాగేశ్వరికి. ఇన్నేళ్ళ తర్వాత చూసిన కూతురు పక్కనే నడుస్తుంటే తనకి ఇలాంటి భయమేమిటని సిగ్గు కూడా వేసింది. కానీ భయమే ఎక్కువగా ఉంది.

కొట్టు దగ్గర రజియా బీ దుర్గని ఎగాదిగా చూసి, "నీ బిడ్డా అక్కా?" అంది. నాగేశ్వరి తలూపింది. రజియా బీ ఇంకేం అడక్కుండా చేపల సంచి చేతికిచ్చింది. డబ్బులు కూడా తీసుకోలేదు.

రైలొచ్చింది. దుమ్ము సద్దుకున్నాక చూస్తే, పక్కపక్క కిటికీల్లో ఇద్దరున్నారు. ఒకదాంట్లో ఫణి, చొక్కా లేకుండా, మెళ్ళో తాయెత్తుతో. రెండోదాంట్లో పచ్చగౌను పిల్ల.

నాగేశ్వరికి ఊపిరొచ్చింది. చెయ్యి దానంతటదే సంచిలోకి పోయి, ఒక చేపని తీసి కిటికీలోకి అందించింది.

"ముల్లుంటాదా అమ్మా?" అంది పిల్ల.

"ఉండదే. ముల్లు లేని..."

మాట పూర్తికాలేదు. దుర్గ తనకేసే చూస్తోంది. తర్వాత కిటికీలోకి చూసింది. ఊడిపోయిన జడని, పచ్చగౌనుని చాలాసేపు చూసింది.

"అది నేనేనా?"

"నువ్వే."

"ఎన్నాళ్ళనించి పెడతన్నావు?"

"వచ్చిన కాణ్ణించీ."

"నా పెళ్ళికి రానిది ఇందుకేనా?"

నాగేశ్వరి తల దించుకుంది. చిన్నది కిటికీలోంచి ఆమె అబాయా చెయ్యి పట్టుకుని లాగుతోంది.

"నేను జ్వరాలొచ్చి పడుకున్నప్పుడు, కాన్పుకి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ప్రతిసారీ అమ్మ బయల్దేరిందని చెప్పేది పెద్దమ్మ," అంది దుర్గ. "నేను నమ్మేదాన్ని. నువ్విక్కడ దీనికి పెట్టుకుంటన్నావన్నమాట."

నాగేశ్వరి ఏం చెయ్యాలో తెలీక సంచిలోంచి వేడివేడి చేప తీసి దుర్గ చేతిలో పెట్టింది. "ఫణిగాడికి పెట్టు. తింటాడు. మొదట్లో కష్టంగానే ఉంటాది. అలవాటైపోద్ది."

దుర్గ చేపని చేతిలో పట్టుకుని నిలబడింది. పక్క కిటికీలో ఫణి చేతులు చాపాడు. వాడికి చేప అక్కర్లేదు. ఎత్తుకోమంటున్నాడు.

"అలవాటైపోద్దనే నా భయం," అంది దుర్గ. చేపని తెచ్చి తల్లి సంచిలోనే వేసేసింది. చేతిసంచి సరిగ్గా భుజానికి తగిలించుకుని, తెరిచున్న తలుపు దగ్గరికి నడిచి మెట్టెక్కింది. లాల్ బాషా, ఇంకో ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూసి మళ్ళీ తమ కిటికీల వైపు తిరిగిపోయారు.

"అమ్మా, నువ్వూ రా," అంది దుర్గ తలుపులోంచి. వచ్చాక 'అమ్మా' అనడం అదే మొదటిసారి.

నాగేశ్వరి అటు అడుగు వేసింది. వెనక నుంచి, "అమ్మా, ఇంకోటీ," అని వినిపించింది. తిరిగి చూస్తే పచ్చగౌనుది నోరు తెరుచుకుని ఉంది, పెదాల మీద తీపి అంటుకుని.

"ఒక్క నిమిషమే. దీనికిది పెట్టేసి వచ్చేత్తాను," అంది నాగేశ్వరి.

ఇంకో చేప తీసి, తోక తుంచి, ఊది, నోట్లో పెట్టింది. రైలు కదిలింది. పిల్ల నములుతూనే దూరమైంది. తలుపులో నిలబడ్డ దుర్గ చెయ్యి ఊపలేదు, తిట్టలేదు. దుమ్ము కప్పేదాకా తల్లినే చూస్తూ ఉండిపోయింది.

రెండ్రోజుల తర్వాత దుర్గ ఫోన్ చేసి, "చేరాను," అంది. వెనక ఫణి దేనికోసమో గోలచేస్తున్నాడు. ఇంకేమీ చెప్పకుండా పెట్టేసింది. టీచరమ్మ భర్త ఒకసారి వచ్చి అడిగాడు. రైలెక్కిందని చెబితే, విసుక్కుని, ఇంకో మనిషిని చూసుకోవాలని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

పై శుక్రవారం నాగేశ్వరి కిటికీలో ఎవరూ లేరు.

వేరే పెట్టెలో ఉందేమోనని రైలు పొడుగునా నడిచింది. ఎవరెవరి భార్యలో, ఎవరెవరి తమ్ముళ్ళో బన్నులు తింటున్నారు. పచ్చగౌను లేదు. రైలు వెళ్ళిపోయాక కొట్టు ముందు అరుగు మీద కూలబడింది. రజియా బీ బయటికొచ్చి పక్కన కూచుంది.

"పెద్దదాంతో పాటే చిన్నదీ దిగిపోయుంటాదిలే అక్కా."

"నన్ను రమ్మని పిలిచింది, రజియా. ఎదిగిన పిల్ల నోరు తెరిచి పిలిచింది. నేను ఎళ్ళలేదు."

రజియా బీ కాగితం టోపీ తీసి మొహం తుడుచుకుంది.

మళ్ళీ వారం రైలెక్కి వెళ్ళిపోదామా అని నాగేశ్వరి ఆలోచించింది. కానీ ఇంతకాలం అన్నం పెట్టిన మనిషి మంచంలో ఉండగా చెప్పాపెట్టకుండా పోవడానికి మనసొప్పలేదు. మర్నాడు పొద్దున్న మామా కాళ్ళకి నూనె రాస్తూ చెప్పింది.

"నేను ఊరెళ్ళిపోతాను మామా. ఇంక రాను."

మామా కళ్ళు సరిగ్గా కనపడక ఆమె మొహం ఎటుందో చేత్తో తడిమి చూసింది. "అక్కడ ఎవరున్నారు నీకు?"

"నా కూతురు."

"ఆ చిన్నపిల్లా? నువ్వు చెబుతుంటావే, పచ్చగౌనుది?"

"పెద్దదైపోయింది మామా."

మామా చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు. తర్వాత కొడుకుని పిలిచి కాగితాల పని చూడమంది.

చలికాలం మొదట్లో నాగేశ్వరి విమానంలో హైదరాబాదులో దిగి, రైల్లో ఒకరాత్రి, బస్సులో ఒక పూట ప్రయాణం చేసి ఊరు చేరింది. వీధులు గుర్తురాలేదు. తను పంపిన డబ్బుతో కట్టిన ఇంటిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. అక్క పెరట్లో ఎక్కడో ఉంది. గుమ్మంలోకి దుర్గ వచ్చింది, చీరకుచ్చెళ్ళు ఎగ్గట్టుకుని, చేతులు తడిగా. ఆమె వెనకనుంచి ఫణి తొంగి చూశాడు.

"ఎవరమ్మా?" అన్నాడు.

దుర్గ నాగేశ్వరి చేతిలోని పెట్టెని, దాన్ని మోసి మోసి ఎర్రబడ్డ అరచేతుల్ని, నెరిసిన జుట్టుని చూసింది. నాగేశ్వరి పెట్టె కింద కూడా పెట్టలేదు.

చివరికి దుర్గ గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

"చెప్పులు బయట విప్పు. ఇల్లు ఇప్పుడే తుడిచాను."

నాగేశ్వరి వంగి చెప్పుల పట్టీలు విప్పడం మొదలుపెట్టింది. బక్కిల్ ఒక పట్టాన రాలేదు. తల్లీకొడుకులు ఇద్దరూ అలాగే నిలబడి చూస్తూ ఉన్నారు. ఎవరూ లోపలికి వెళ్ళిపోలేదు.