యుద్ధం ముగిసేదాకా

శనివారం వస్తే డార్లీన్ పొద్దున్నే వచ్చి పొయ్యి రాజేసేది. నార గౌను, తలకు కుచ్చుల టోపీ. మా పెన్సిల్వేనియా పొలంలో వారమంతా ఇప్పటి కాలమే గానీ, శనివారం మాత్రం 1775, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన ఏడు. సందర్శకులు చూస్తుండగా ఆమె మొక్కజొన్న రొట్టెలు కాల్చేది, అవిసె నార దువ్వేది. వేషం కట్టాక ఈ కాలం మాట నోట రాకూడదన్నది మా నియమం. ఎవరైనా ఫోన్ చూపిస్తే, అదేం పెట్టె అని అమాయకంగా అడగాలి.

వెస్లీ మిగతా రోజుల్లో స్కూలు బస్సులు బాగుచేసేవాడు, శనివారం సైనికుడు. మూడింటికి కంచె దగ్గర డార్లీన్ అతనికి రొట్టెల మూట ఇచ్చి, "ఎన్నాళ్లు?" అని అడగాలి. అతను "యుద్ధం ముగిసేదాకా" అనాలి. జనం చప్పట్లు కొట్టేవారు. తర్వాత ఐదుగురు సైనికులూ గుట్ట దాటి అసలైన 1775లోకి వెళ్లి, కాసేపు కాపలా కాసి, నాలుగింటికి తిరిగొచ్చేవారు. బూట్ల బురద వదిలించుకుని లోపలికి రమ్మని మేనేజరు గ్వెన్ ప్రతిసారీ గొణుక్కునేది.

పెళ్లి చేసుకుందామని వెస్లీ రెండేళ్లుగా డార్లీన్ వెంటపడుతున్నాడు. ఆమెకూ ఇష్టమేనని మా ఎద్దులకు కూడా తెలుసు. కానీ అతను తొమ్మిదేళ్లు చిన్నవాడు. మొదటి మొగుడు ఓ పడుచుపిల్లను చూసుకుని వెళ్లిపోయాక, వయసు మాటంటేనే ఆమెకు భయం.

"నాకు అరవై వచ్చినప్పుడు చూడాలి నీ మొహం," అంది ఒక శనివారం పిండి కలుపుతూ.

"అప్పుడూ ఇదే మొహం. నీ రొట్టెలూ అప్పటికీ మాడుతూనే ఉంటాయి," అన్నాడు.

ఆ రోజు నాలుగింటికి నలుగురే వచ్చారు. గుట్ట అవతల కొత్తగా వచ్చిన సార్జెంటు, ఎన్నాళ్లు పనిచేస్తావని ఒక్కొక్కరినీ అడిగాడట. అందరూ ఈ ఒక్క పూటే అన్నారు. వెస్లీ మాత్రం వారం వారం కంచె దగ్గర అని అని నోటికి అలవాటైన మాటే అనేశాడు. సార్జెంటు సంబరపడి సంతకం పెట్టించుకుని, దూరంగా పోయే దళంలో కలిపేశాడు.

ఇన్నాళ్లూ 1775లోనే ఆగి ఉన్న గుట్ట అవతలి కాలం, ఆ సంతకంతో కదిలింది. మరుసటి శనివారం మావాళ్లు వెళ్లేసరికి అక్కడ 1776, ఆ పై వారం 1777. యుద్ధం ఎనిమిదేళ్లు సాగిందని గ్వెన్ చెప్పింది. ఎంతమంది చచ్చారో మాత్రం చెప్పలేదు.

మూడో శనివారం ఒక పెద్దాయన, నీ సైనికుడేడమ్మా అని డార్లీన్‌ను అడిగాడు. బతికున్నాడో లేదో తెలియదని చెబుతూనే ఆమె ఏడ్చేసింది. ఎంత బాగా నటించిందోనని జనం చప్పట్లు కొట్టారు.

ఎనిమిదో శనివారం వెస్లీ గుట్ట దిగి వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. కుంటుతున్నాడు. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. డార్లీన్ పొయ్యి మీద రొట్టెలు వదిలేసి పరిగెత్తింది.

"పారిపోయి రావచ్చుగా. సగంమంది పారిపోయారట," అంది అతని చెయ్యి పట్టుకుని.

"మూడో ఏడు పారిపోయాను. గుట్ట మీదికొస్తే కంచె దగ్గర నువ్వు కనిపించావు."

"మరి?"

"అప్పటికింకా నీకంటే ఆరేళ్లు చిన్నవాణ్ణి. వెనక్కి వెళ్లిపోయాను." కాస్త నవ్వాడు. "ఇప్పటికీ ఓ ఏడాది తక్కువే డార్లీన్. యుద్ధం ఆపేశారు, నేనేం చెయ్యను?"

ఆమె నవ్వలేకపోయింది. అంత కోపం, అంత ప్రేమ ఆమెకు జన్మలో ఎన్నడూ ఒక్కసారిగా రాలేదు.

"నువ్వు రాని ఆ మొదటి సాయంత్రమే నేను పెళ్లికి ఒప్పేసుకున్నాను, వెస్లీ," అంది.