విప్పమని ఇచ్చిన వాచీ

నా దగ్గరున్నవి నాలుగే నాలుగు పాత చేతి గడియారాలు. వాటిల్లో ఒకటి వదులుకోవాల్సి వచ్చింది. డబ్బుకి ఇబ్బందై కాదు, మా తమ్ముడి కూతురు ఒరియాన్ కోసం.

గడియారాల తయారీకి పేరున్న మా ఊరు సెంతిమియేలో ఆ పని నేర్పే బడి ఉందని పిల్ల నా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఆఖరి పరీక్షలో వాచీ మొత్తం విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి నడిపించాలి. పక్కన పరీక్షాధికారి నిలబడేసరికి దీని చెయ్యి వణికింది. వాచీ లోపల అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసు పుటుక్కున విరిగింది. వసంతంలో మళ్ళీ కూర్చోవచ్చు, శుక్రవారం లోపల పేరు ఇస్తే చాలన్నారు. ఈవిడగారు ఇవ్వనంది. సూపర్ మార్కెట్లో చీజ్ కోసే ఉద్యోగం చూసుకుంటుందట! అప్పటినుంచీ ట్వీజర్ ముట్టుకుంటే ఒట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళుగా ఆ వేళ్ళని చూస్తున్నాను, అవి చీజ్ కోసే వేళ్ళు కావు.

మా ఇంట్లో తాతల నాటినుంచీ ఒక పద్ధతుంది. చెయ్యి చెదిరినవాళ్ళకి పెద్దవాళ్ళెవరో తమ వాచీ ఒకటి ఇచ్చి విప్పమంటారు. ఇచ్చాక అది వాళ్ళదే. పాడు చేసినా ఒక్క మాట అనకూడదు, తిరిగి అడగకూడదు. మా నాన్న చెయ్యి కూడా అలాగే కుదుటపడిందంటారు.

సరే, ఏది ఇవ్వాలి? స్టాప్‌వాచీగా కూడా పనిచేసే మా నాన్న వాచీ ఉంది, దాని లోపల చూస్తే అనుభవజ్ఞులకే కళ్ళు తిరుగుతాయి. మా అత్తగారి బంగారు వాచీ ఉంది, అది నా తర్వాత మా ఆడపడుచుకి వెళ్ళాలని ముందే అనుకున్నాం. మూడోది పాత సామాన్ల సంతలో సరదాగా కొన్నది. నాలుగోది నాదే. పంతొమ్మిదేళ్ళప్పుడు వాచీల ఫ్యాక్టరీలో పని నేర్చుకుని, దాని హెయిర్ స్ప్రింగు నా చేత్తో నేనే పెట్టాను. మగవాళ్ళు మిగతావన్నీ చేసేవాళ్ళు, వెంట్రుకంత సన్నటి ఆ స్ప్రింగు మాత్రం మా ఆడవాళ్ళ పని. ఇన్నేళ్ళూ ఆ వాచీ మూత ఇంకొకళ్ళని తీయనివ్వలేదు. నూనె మార్చాలన్నా నేనే.

పై అంతస్తులో ఉండే ఆల్సిద్ కాఫీకి వచ్చి, ఇంకా ఆలోచనేమిటి, ఆ సంత సరుకు ఇచ్చెయ్యమన్నాడు. పోయినా పీడా పోయిందనుకోవచ్చట. నాకూ అదే బాగుందనిపించింది. బుధవారం భోజనాల దగ్గర దాన్ని ఒరియాన్ పళ్ళెం పక్కన పెట్టి, మన పద్ధతి తెలుసుగా అన్నాను.

పిల్ల వాచీని చెవి దగ్గర పెట్టుకుంది. మూత తియ్యనే లేదు. ఆ టకటక వింటేనే మా ఊళ్ళో ఎవరికైనా తెలిసిపోతుంది, అది ఇరుసుల కింద కెంపు రాళ్ళు లేని చవకరకం, ఆగిపోతే పారేసేదే తప్ప బాగుచేసేది కాదని.

"పాడైనా ఫరవాలేదనే కదత్తా ఇది ఇచ్చావు?" అంది.

"మహారాణీగారికి రత్నాలు పొదిగింది కావాలేం?" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. పిల్ల సగం తిన్న పళ్ళెం సింకులో పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది.

చిరాకు ఎవరి మీద పడాలో తెలియక కాసేపు ఆల్సిద్‌ని తిట్టుకున్నాను. పాపం, అతనేం చేశాడు? పాడైపోయినా నా ప్రాణం విలవిల్లాడని వాచీ ఏదో వెతికి మరీ ఇచ్చింది నేనే. అంటే పాడు చేస్తుందని నేనూ తేల్చేశానన్నమాట. పరీక్షాధికారి ఒకసారి పక్కన నిలబడ్డాడు, నేను ఇంట్లోనే ఆ పని చేశాను. పిల్లకి అది అర్థమవ్వకుండా ఎలా ఉంటుంది?

మర్నాడు పిల్ల ఇంటికొచ్చేసరికి కిటికీ దగ్గర బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, నా వాచీ దాని మీద పెట్టాను. చేతినుంచి తీస్తుంటే మణికట్టు బోసిగా అనిపించింది. అయినా పెట్టాను.

ఒరియాన్ దాన్ని చూసి, నన్ను చూసింది. "ఇది నీదత్తా."

"ఇప్పుడు నీది. నేను వంటింట్లో ఉంటాను, పిలిస్తే తప్ప రాను."

వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తియ్యడం మొదలుపెట్టాను. చెవులు మాత్రం అవతల గదిలోనే ఉన్నాయి. మూత తీసిన చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు. ఒకసారి ఏదో సన్నగా టింగుమని నేలమీద పడింది. చెక్కుతున్న దుంప పక్కన పెట్టి విన్నాను. కుర్చీ జరిగింది, వెతుకుతున్నట్టుంది, మళ్ళీ కుర్చీ జరిగింది. లేచి వెళ్ళకుండా ఉండటానికి అవసరం లేని దుంపలు కూడా చెక్కేశాను.

"అత్తా, ఒకసారి రా" అని పిలిచింది చివరికి.

విరిగిందనుకున్నాను. నోరు మూసుకో జిస్లేన్, ఒక్క మాట అనకూడదు అని నాకు నేనే చెప్పుకుంటూ వెళ్ళాను.

పిల్ల కంటికి పెట్టుకున్న భూతద్దం తీయలేదు, తలెత్తలేదు. "ఈ స్ప్రింగు పెట్టినవాళ్ళెవరో గానీ, పని సరిగ్గా రాదు. బయటి చుట్టు ఒక పక్కకి ఒరిగింది. ఇది రోజూ వెనకపడుతుందే, పడట్లేదూ?"

నా ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. భూతద్దం లాక్కుని చూశాను. ఒరిగింది. కొద్దిగానే, కానీ ఒరిగింది. రోజూ నిమిషం వెనకపడితే చలినన్నాను, నూనెనన్నాను, ఫ్యాక్టరీ మగవాళ్ళనన్నాను. నా పని మీద మాత్రం నాకు అనుమానమే రాలేదు.

"ఆ పని రానిదాన్ని నేనే" అన్నాను.

ఒరియాన్ ముఖం పాలిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ట్వీజర్ తీసుకుని, స్ప్రింగు దగ్గరికి వంగింది. "సరి చేస్తాను. కొంచెం పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డమొస్తున్నావు."

జరిగాను. ఆ చేతికేసే చూస్తున్నాను. నేను పక్కనే నిలబడ్డాను, ఇంత నోరున్న మనిషిని, అయినా ఆ చెయ్యి వణకలేదు. స్ప్రింగు చివర పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత నొక్కి వదిలింది. అంతే.

శుక్రవారం పొద్దున్నే, తిరిగి బిగించి నడిపించిన ఆ వాచీ పెట్టుకుని బడికెళ్ళి పేరు ఇచ్చి వచ్చింది. నేను ఆగలేక మా తమ్ముడికి ఫోన్ చేశాను. నీ కూతురు నా పనికి వంక పెట్టిందిరా అన్నాను. వాడు హడలిపోయి, తెలియక అనుంటుందక్కా, క్షమించు అన్నాడు. పని తెలిసే అందిరా వెర్రివాడా, పని తెలిసే అంది అని, కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ పెట్టేశాను.